లాంచీ పై అంతస్తు

నాగార్జునసాగర్ ఎడమ గట్టున, నాగార్జునకొండకు వెళ్లే లాంచీల రేవులో నిలబడి చూశాను. ఎక్కినవాళ్లు కింది అంతస్తులో ఆగడం లేదు; గాలి కోసం, చుట్టూ నీళ్లు చూడడం కోసం మెట్లెక్కి పైకే పోతున్నారు. మన దగ్గర పడవ భద్రత అనగానే రెండే మాటలు వినిపిస్తాయి: లైఫ్ జాకెట్ వేసుకోవాలి, ఎక్కువ మందిని ఎక్కించకూడదు. రెండూ కావలసినవే. కానీ పడవ ఒరుగుతుందా, నిలుస్తుందా అన్నది దాని కడుపు ఎలా కట్టారు, బరువు ఎంత ఎత్తున పెట్టారు అన్నదాన్ని బట్టే ఉంటుంది. అక్కడ జరిగిన తప్పును పైన తగిలించిన సామగ్రి సరిదిద్దలేదు. ఒక్కోసారి ఆ సామగ్రే ముంచుతుంది.

మహానౌకల చరిత్రే దీనికి సాక్ష్యం. 1912లో టైటానిక్ మీద సుమారు 2,200 మంది ఉంటే లైఫ్‌బోట్లలో చోటు 1,178 మందికే. లోకం ఆ కొరతనే పట్టుకుంది. మరిన్ని బోట్లు ఉండాలన్న పట్టుదలతో, అసలే ఒరిగే గుణమున్న ఈస్ట్‌లాండ్ అనే అమెరికా నౌక పైభాగానా ఇంకొన్ని చేర్చారు. 1915 జూలై 24న అది షికాగో నదిలో, రేవుకు కట్టి ఉండగానే పక్కకు దొర్లింది. 844 మంది పోయారు. టైటానిక్ అసలు లోపం దాని పొట్టలో ఉంది. దాన్ని అడ్డుగోడలతో 16 గదులుగా విభజించినా ఆ గోడలు చాలినంత ఎత్తు లేవు. ముందు గదులు నిండగానే నీరు గోడ మీదుగా పక్క గదిలోకి పొర్లింది. అంతకు యాభై ఏళ్ల ముందు, 1862లో, గ్రేట్ ఈస్టర్న్ అనే నౌక అడుగు రాతికి తగిలి 83 అడుగుల పొడవున చీలినా మునగలేదు. దానికి లోపల రెండో తొడుగు ఉంది. టైటానిక్‌కు ఆ రెండో తొడుగు అడుగున మాత్రమే వేశారు. ప్రమాదం తర్వాత దాని జంట నౌక ఒలింపిక్‌కు పక్కలకూ లోపలి తొడుగు వేసి, గోడలు ఎత్తు పెంచారు.

సముద్రపు ఓడ లెక్కలు జలాశయం లాంచీకి ఎందుకని అడగవచ్చు. నిజానికి చిన్న పడవకే ఇవి ఎక్కువ వర్తిస్తాయి. యాభై రెండు వేల టన్నుల టైటానిక్‌లో జనం బరువు వందన్నర టన్నులు కూడా ఉండదు. అందరూ ఒక పక్కకు చేరినా ఓడకు పట్టదు. లాంచీలో ఎనభై మంది పైకెక్కితే దాదాపు ఐదు టన్నులు ఎత్తుకు చేరినట్టే. కృష్ణలో పుట్టి పడవలు నడిపేవాళ్లకు ఇది చదువు లేకుండానే తెలుసు: ఎక్కినవాళ్లను అడుగున కూర్చోబెడతారు, నిలబడనివ్వరు. ఇక ప్రమాదాలన్నీ నడిపేవాళ్ల తప్పులే అనే వాదన. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర వరద ఉధృతిలో పడవ మునిగింది. అక్టోబర్ 22న బయటికి లాగినప్పుడు లోపల ఇంకా మృతదేహాలున్నాయి. వరదలో బయలుదేరడం తప్పే, కాదనను. కానీ మనిషి తప్పు చేస్తాడని ముందే ఒప్పుకుని కట్టేదే మంచి పడవ. తిరగబడినా బయటపడే దారి ఏదన్న ప్రశ్న కట్టేవాడు వేసుకోవలసినది, సరంగు కాదు.

అందుకే రేవు బోర్డు మీద మొత్తం ఎంతమంది అన్న ఒక్క అంకె చాలదు. పై అంతస్తుకు ఎంతమంది అన్నది వేరుగా రాయాలి. ఈసారి సాగర్ వెళ్తే, మెట్లెక్కే ముందు ఆ అంకె అడగండి.