పుంజం అంటే ఎంత?

తెలుగు మీడియం వాళ్లకి పుంజం అంటే ఫిజిక్స్‌లో కాంతిపుంజం. ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకు అది 'బీమ్'. పుంజం అనే మాట నాకు మొదట దొరికింది ఈస్టిండియా కంపెనీ వర్తకం గురించిన ఓ ఇంగ్లిష్ పుస్తకంలో. అక్కడ అది మన విశాఖ వైపు నుంచి ఓడలెక్కిన గుడ్డ పేరు.

కంపెనీ 1682లో విశాఖపట్నంలో ఫ్యాక్టరీ పెట్టింది. ఫ్యాక్టరీ అంటే మిషన్లు కాదండోయ్, వర్తక ఏజెంట్లు ఉండి సరుకు కొని దాచే చోటు. నేతంతా మన ఊళ్లలోని మగ్గాల మీదే.

సంస్కృతంలో పుంజం అంటే రాశి. నేతగాళ్లకి మాత్రం కచ్చితమైన లెక్క: 120 పడుగు పోగులు. 14 పుంజాలంటే 1680 పోగులు, 40 అంటే 4800. అదే పన్నాలో పుంజాలు పెరిగేకొద్దీ గుడ్డ సన్నబడుతుంది, పని పెరుగుతుంది. మా సీఎస్ వాళ్ల భాషలో చెప్పాలంటే, యూనిట్ కాస్తా ప్రొడక్ట్ పేరైపోయింది! ఇంగ్లిష్‌లో ఆ సరుకూ పోయింది, మాటా పోయింది.

పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో సన్న నూలు వడుకుతారు. "ఖద్దరుకి ఇంత రేటా?" అని మనమే అంటాం. ఈసారి కొనేముందు జానెడు గుడ్డలో పోగులు లెక్కపెట్టి చూడండి. ఒక్క పుంజం పూర్తయ్యేలోపే కళ్లు లాగేస్తాయి. బేరం ఆ తర్వాత ఆడదాం.