మళ్లీ ఒక్కసారి

తీగ మీద బట్టలు ఆరేయాలంటే ఇప్పటికీ కుడి మోచేతి కింద ఎడమ చెయ్యి ఆనించుకోవాల్సిందే. మిల్లులో బస్తా ఎత్తేటప్పుడు కూడా ముందు ఎడమ భుజమే వంగుతుంది. గూడ ఒకసారి జారితే మళ్లీ జారే అవకాశం ఉంటుందని డాక్టరు చెప్పాడు. ఆ భయం నాకంటే ముందు నా చేతికి తెలుస్తుంది.

మాది సంగం. పెన్నలో బీరాపేరు కలిసే చోటు. 2022లో కొత్త బ్యారేజీ వచ్చింది గానీ, మా చిన్నప్పుడు 1880ల్లో తెల్లోళ్లు కట్టిన ఆనకట్టే మాకు ఆటస్థలం. నీళ్లు పల్చగా జారే రోజుల్లో పాచి పట్టిన రాళ్ల మీద నడిచేవాళ్లం. అరికాలు చదునుగా వెయ్యాలి. మడమ ముందు పెట్టామా, నీళ్లల్లోనే.

సాయంత్రమైతే టీవీ ఉన్న ఇంటి ముందు గుమిగూడేవాళ్లం. పోగో చానెల్లో టకేషీస్ కాసిల్ వచ్చేది. జపాన్‌లో 1986 నుంచి 1990 దాకా తీసిన ఆటలు అవి. మాకు అందింది మాత్రం జావేద్ జాఫ్రీ హిందీ వ్యాఖ్యానంతో. హిందీ ఒక్క ముక్క రాదు, అయినా పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం. కుంటలో రాళ్లు ఉంటాయి, కొన్ని గట్టివి, కొన్ని ఉత్తినే తేలేవి. తేలే రాయి మీద కాలేసినోడు బోర్లా పడతాడు. పడేటప్పుడు వాడి నోరు ఏదో అంటుంది. మాకు వినబడేది జాఫ్రీ గొంతే. ఏమన్నాడో అని ఏనాడూ అనుకోలేదు.

పెద్దయ్యాక ఫోన్లో సాసుకే చూశా. అదీ జపాన్‌దే, 1997లో మొదలైంది. వందమంది దిగుతారు, నాలుగు దశలు, ఒక్కరు కూడా చివరికంటా పోని పోటీలే ఎక్కువ. 1999లో మొదటిసారి పూర్తి చేసిన కజుహికో అకియామా ఒకప్పుడు పీతల వేటకు పోయినోడు. 2006లో రెండోవాడు మకోతో నగానో, చేపల పడవ నడిపేవాడు. మైపాడు వైపు వల లాగే మా మామ భుజాలు చూసి పెరిగినోణ్ని గనక, నగానో కడ్డీ పట్టుకుని వేలాడుతుంటే కొత్త మనిషిని చూస్తున్నట్టు అనిపించలేదు. ఆయన చెయ్యగలిగితే బుచ్చిలో రైసుమిల్లు బస్తాలు మోసే నేను మాత్రం చెయ్యలేనా అనుకున్నా.

ఒక తెలుగు చానెల్ వాళ్లు అట్టాంటి ఆటే పెడుతున్నారని తెలిసి, వేపకొమ్మకు వేలాడుతూ వీడియో తీసి పంపా. పిలిచారు. అమ్మ మాత్రం, "చేతులూ కాళ్లూ బాగుండబట్టే గదా నాయనా కూడు తింటున్నాం" అంది. నవ్వి బస్సెక్కా.

పొద్దున ఆరుకల్లా రమ్మన్నారు. ఛాతీకి 47వ నంబరు కట్టి, ఇంగ్లీషులో ఉన్న నాలుగు పేజీల మీద సంతకం పెట్టమన్నారు. దెబ్బ తగిలితే మీదే బాధ్యత అని పక్కనున్న కుర్రాడు చదివి చెప్పాడు. అందరూ పెడుతున్నారు, నేనూ పెట్టా. ఇక కూర్చోవడమే. డిసెంబరు చలి, పలచటి టీషర్టు. మధ్యాహ్నం పొట్లం అన్నం తిన్నాక కండరాలు బిగిసిపోతుంటే లేచి గుంజీలు తీశా. నా వంతు వచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. అసలు కష్టం ఆ పదిహేడు గంటల కూర్చోవడమే అని నాకిప్పుడు అనిపిస్తుంది. పరుగు రెండు నిమిషాలు కూడా లేదు.

మొదట స్పాంజి దిమ్మెలు. మా ఆనకట్ట రాళ్లే అనుకుని అరికాలు చదునుగా వేసుకుంటూ దాటేశా. తర్వాత సబ్బునీళ్లు పోసిన దుంగ, గిర్రున తిరుగుతుంది. దాన్నీ దాటా. వేలాడే కడ్డీల్లో నాలుగు అయ్యాయి, ఐదోదానికి చెయ్యి చాపుతున్నా, కింద నుంచి కేక వినబడింది. కెమెరాకు అందలేదంట. "బ్రదర్, మళ్లీ ఒక్కసారి." దిగి మొదటికి వచ్చా. ఎవరూ ఊపిరి తీసుకోమనలేదు, నేనూ అడగలేదు. అడిగితే వేరేవాణ్ని పంపుతారేమోనని నా భయం.

రెండోసారి మూడో కడ్డీ తడిగా ఉంది. నా చేతుల తడే అది. ఎడమ చెయ్యి జారింది, ఒళ్లంతా కుడి చేతి మీద వేలాడి మెలి తిరిగింది. భుజంలో టప్‌మని చప్పుడు. చెరుకు గడ విరిచినప్పటి చప్పుడు కాదు, తడి గుడ్డ విదిలించినట్టు. నీళ్లల్లో పడ్డా. పెన్నలో ఈతకొట్టినోణ్ని, ఆరడుగుల తొట్టి నాకు లెక్కలేదు. కానీ కుడి చెయ్యి నాది కాదన్నట్టు పక్కన తేలుతోంది. రెండు గుక్కలు మింగా. ఒకతను దూకి మెడ పట్టి లాగాడు. గట్టు మీద పడుకోబెడితే భుజం ఉండాల్సిన చోట గుంట, చంక ముందర ఉండ. ఆసుపత్రిలో డాక్టరు మత్తిచ్చి లాగి కూర్చోబెట్టాడు. మూడు వారాలు కట్టు. పొద్దున చానెల్ కుర్రాడొకడు వచ్చి బస్సు ఛార్జీ చేతిలో పెట్టాడు. వాడి కళ్లల్లో నీళ్లు చూశా. వాడి మీద నాకు కోపం లేదు.

రెండు నెలలకు ఆ ఆట టీవీలో వేశారు. వీధి వీధంతా మా ఇంట్లోనే. మొదటిసారి నేను బాగా దాటింది లేదు, పడిందే ఉంది. మూడుసార్లు చూపించారు, మూడోది నెమ్మదిగా. చెయ్యి మెలి తిరిగే చోట స్ప్రింగు ఎగిరినట్టు బొయ్యిమని ఒక చప్పుడు, వెనక నవ్వులు. పిల్లకాయలు దొర్లి దొర్లి నవ్వారు. వాళ్లతో పాటు నాకూ నవ్వొచ్చింది, అబద్ధం చెప్పను.

అందరూ పోయాక అమ్మ తపేలా తోముతూ అడిగింది.

"పడేటప్పుడు నోరు తెరిచి అమ్మా అన్నావే, అది వినబళ్లేదేందిరా?"