అరకు కొండల్లో సైకిలు మీద

విశాఖపట్టణము నుండి అరకు వెళ్ళేవారిలో చాలామంది రైలు కిటికీలోనుండి కొండలను చూసి, బొర్రా గుహలు చూసి, సాయంత్రానికి దిగివస్తారు. అందులో తప్పేమీ లేదు. కొత్తవలస నుండి కిరండూల్ వరకు 1960లలో వేసిన ఈ లైను మీద మొత్తము 58 సొరంగాలున్నాయి. అరకు చేరేలోగానే పిల్లలు కేకలు వేస్తూ లెక్క తప్పుతారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు దింపి జపానుకు పంపడానికి వేసిన దారి ఇది. మనుషుల ప్రయాణము తరువాత వచ్చిన మాట.

అయితే కొండను కిటికీలోనుండి చూడడము వేరు, పిక్కలతో తెలుసుకోవడము వేరు. మొన్న నవంబరులో ప్రభువు కృపవలన మా సంఘ యౌవనస్థులు ఇద్దరితో కలిసి మేము రెండు రోజులు ఆ కొండల్లో సైకిలు తొక్కాము. ఖాళీగా పైకి పోయే కూరగాయల వ్యానులో సైకిళ్ళను ముందే పంపి, మేము రైలులో వెళ్ళాము. యౌవనస్థులవి గేర్ల సైకిళ్ళు. మేమెక్కినది 22 అంగుళాల నల్ల సైకిలు, ఇనుప కడ్డీ బ్రేకులది. దాన్ని చూసి స్టేషను దగ్గర ఆటోవారు నవ్వారు.

నవ్వితే నవ్వనివ్వండి. మన తండ్రుల కాలములో పల్లె సువార్తికునికి సైకిలే రథము. అంతకు ముందు అదీ లేదు. లండను మిషనరీలు 1805లో విశాఖపట్టణములో దిగిననాడు, బ్రెక్లం మిషనువారు 1882లో సాలూరుకు వచ్చిననాడు ఈ కొండలకు కాలిబాటలే గతి. యెషయా ప్రవక్త కూడా పర్వతాల మీద సువార్తికుని పాదాలను గూర్చి వ్రాశాడు గాని, పెడళ్ళ సంగతి ఆయనకు తెలియదు గదా!

మొదటి రోజు తూర్పు దిక్కుకు వెళ్ళాము. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. లోయ లోపల రోడ్డు పెద్దగా బాధపెట్టదు. సుంకరమెట్ట దాటాక గాలికొండ వైపు ఎక్కుడు మొదలవుతుంది. గేర్లున్నవారు చిన్న పళ్ళచక్రము వేసుకుని మెల్లగా పాకుతారు. గేర్లు లేనివారు దిగి నడుస్తారు, అంతే. దిగి నడవడములో ఒక లాభముంది, చుట్టూ చూడవచ్చును. దారికి ఇరువైపులా సిల్వరోకు చెట్లు, వాటి మొదళ్ళకు అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. నవంబరులో పండ్లు ఎర్రబడుతాయి, స్త్రీలు నడుముకు బుట్ట కట్టుకుని ఒక్కొక్క పండునే కోస్తుంటారు. ఈ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2017లోనే ప్యారిసు నగరములో అరకు కాఫీకి ఒక దుకాణము తెరిచారు. మేము పలకరించిన అమ్మ మాత్రము పొద్దుట చోడి అంబలి తాగి వచ్చానని చెప్పింది. కాఫీ తాగవా తల్లీ అంటే, “చేదు బాబూ” అని నవ్వింది.

అనంతగిరి దాటి బొర్రా వైపు దిగుడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఘాటులో దిగేటప్పుడు బ్రేకు బిగించి పట్టుకునే ఉంటే రిమ్ము కాలిపోతుంది, రబ్బరు కరిగి పట్టు వదులుతుంది. కొంచెము పట్టి, వదిలి, మళ్ళీ పట్టాలి. మలుపుకు ముందే వేగము తగ్గించాలి, మలుపులో కాదు. మా కడ్డీ బ్రేకుతో అరగంటకొకసారి ఆగి రిమ్ము మీద నీళ్ళు చల్లవలసి వచ్చింది.

బొర్రాలో గోస్తనీ నది సున్నపురాతిని తొలిచి గుహలు చేసింది. ఆ పని ఎన్ని వేల ఏండ్లు సాగిందో ఊహకందదు. జనము టికెట్టు కొని లోపలికి వెళ్ళి ఫొటోలు దిగి వస్తారు. ఈ అనంతగిరి మండలపు భూములను గూర్చే 1997లో సుప్రీంకోర్టు ‘సమత’ తీర్పు ఇచ్చిందని వారిలో ఎంతమందికి తెలుసో! షెడ్యూలు ప్రాంతపు భూమిని గనుల నిమిత్తము గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని ఆ తీర్పు. నాబోతు ద్రాక్షతోట కథ మీద ప్రసంగము చేసే పాస్టర్లు ఈ తీర్పును కూడా ఒకసారి చదవాలని మా అభిప్రాయము.

తిరిగి అరకు చేరేసరికి చీకటి పడింది. ఆ చలిలో వేడినీళ్ళే పెద్ద దీవెన అనిపించింది.

రెండవ రోజు ప్రయాణమే మా అసలు పని. దీవులున్న దేశాల్లో సముద్రపు ఒడ్డున సైకిలు మీద చుట్టు తిరగడము గొప్ప వేడుక. జపానులో వంతెనలతో దీవులను కలుపుతూ షిమానామి అనే సైకిలు దారి సుమారు 70 కిలోమీటర్లుందట. ఆ దారిలో ప్రయాణము ఆహ్లాదము కోసము. మేము డుంబ్రిగుడ వైపు వెళ్ళినది ఒక బాట మీద చక్రము నడుస్తుందో లేదో చూడడానికి.

లోయలో వలిసె చేలు పూచి ఉన్నాయి. ఆ పసుపు పువ్వుల మధ్య ఫొటో దిగేవారు చేను తొక్కినందుకైనా రైతుకు పది రూపాయలిస్తే న్యాయముగా ఉంటుంది. చాపరాయి దగ్గర బండల మీద నీరు జారే చోట జనము ఎక్కువ, సీసాలు అంతకంటె ఎక్కువ. మేము అక్కడ ఆగలేదు. తరువాత తారురోడ్డు విడిచి మట్టిబాట పట్టాము.

ఆ బాట చివర కొండమీద మన విశ్వాసుల కుటుంబాలు పన్నెండు ఉన్నాయి. గ్రామము పేరు ఇక్కడ వ్రాయము, వారు అడిగినది పేరు కాదు. అక్కడ ఎవరికైనా జబ్బు చేస్తే, కాన్పు దగ్గరపడితే డోలీయే గతి. కర్రకు దుప్పటి కట్టి మనిషిని అందులో పడుకోబెట్టి, ఇద్దరిద్దరు వంతులవారీగా భుజాన మోస్తారు. గిరిజన ప్రాంతాలకు 2018లో రోగిని తీసుకువెళ్ళే మోటారుసైకిలు అంబులెన్సులు వచ్చాయి. కాని చక్రము నడవని చోటికి అవీ రాలేవు. మొన్న వర్షాల్లో సంఘపెద్ద అడిగిన మాట ఇది: “అయ్యగారూ, మీ సైకిలు మా ఊరొచ్చిందంటే మోటారు బండి ఎందుకు రాదు? ఓసారి తొక్కి చూడండి.”

తొక్కి చూశాము. ఒక యౌవనస్థుని సైకిలుకున్న మీటరు ప్రకారము తారురోడ్డు నుండి ఊరికి 6 కిలోమీటర్ల 400 మీటర్లు. కాఫీ తోటల గుండా మొదటి రెండు కిలోమీటర్లు చక్కగా సాగాయి, నేల గట్టిది. తరువాత గెడ్డ. నవంబరులో మోకాలి లోతు, సైకిలు భుజాన వేసుకుని దాటాము. శ్రావణములో ఛాతీ లోతు ఉంటుందట. ఆవల పాచిపట్టిన ఏటవాలు బండ, దాని మీద ఇద్దరు నిలిచి మూడవవానికి చేయి అందించాలి. ఆపైన రాళ్ళు జారే ఎక్కుడు, సుమారు 300 మీటర్లు. గేర్ల సైకిలు కూడా అక్కడ చతికిలబడింది. ఊరి దగ్గర కొండచరియ విరిగి బాట సగము పోయింది. అంటే చక్రము ఆగిన చోట్లు నాలుగు, మిగిలినదంతా నడిచే దారే. ఇంత బాగుంటుందని మేము అనుకోలేదు. ఆఫీసుల్లో ‘దారి లేని గ్రామము’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. దారి ఉంది, నాలుగు చోట్ల తెగింది.

రేకుల పాకలో ఆరాధన జరిగింది. ప్రార్థనలు కొన్ని ఆదివాసీ ఒరియాలో, పాటలు తెలుగులో, డప్పు అందరిదీ. ఆరాధన అయ్యాక ఆ నాలుగు చోట్ల సంగతి వారికి చెప్పాము. పెద్దలు వెంటనే పని పంచుకోవడము మొదలుపెట్టారు. రాళ్ళ ఎక్కుడు యౌవనస్థులకు, చరియ దగ్గర మట్టి ఎత్తడము పెద్దవారికి, బండ మీద మెట్లు చెక్కడము పక్క ఊరివారికి. ఆ పక్క ఊరివారు మన సంఘమువారు కారు. డోలీ వారిదీ మోసినవారే గనుక వారూ వస్తామన్నారు. గెడ్డ ఒక్కటే తేలలేదు. దుంగలు వేస్తే వచ్చే వర్షానికి కొట్టుకుపోతాయని కొందరు, ఈ ఎండాకాలము వరకైనా నిలుస్తాయి గదా అని కొందరు. సిమెంటు తూము అయితే మండలము నుండి మంజూరు కావాలి. దరఖాస్తు వ్రాసి, ఊరందరి వ్రేలిముద్రలు, సంతకాలు తీసుకున్నాము.

స్త్రీల వరుసలో కూర్చున్న ఒక చెల్లెలు మాటల్లో పాలుపంచుకోలేదు. ఆమెకు ఏడవ నెల, తొలి కాన్పు. పోయినసారి వర్షాల్లో ఆమె తోడికోడలిని గెడ్డ ఒడ్డున మూడు గంటలు డోలీలోనే ఉంచవలసి వచ్చింది. బిడ్డ దక్కలేదు. ప్రార్థన చేయమని ఆమె అత్తగారు అడిగితే చేశాము. తరువాత ఆ అత్తగారే పెద్దల వైపు తిరిగి, “దుంగలు ఎప్పుడు తెస్తారు?” అని అడిగింది. వరికోతలు కాగానే అన్నారు.

డిసెంబరు రెండవ వారములో మేము మళ్ళీ వెళుతున్నాము. సైకిళ్ళ క్యారియర్లకు ఈసారి గడ్డపారలు, పలుగులు కట్టుకుని వెళతాము. మా సంఘములోనుండి పదకొండుగురు పేర్లిచ్చారు. బ్రేకు రబ్బర్లు కొత్తవి వేయించాము.