మా యింటికి వచ్చిన ఉడుము పిల్లలు

పిల్లలు గల యింట కుక్కపిల్లయో పిల్లికూనయో చేరుట వింత గాదు. మా యింట మాత్రము రెండేండ్ల క్రిందట ఉడుము పిల్లలు చేరినవి. ఆ మూడు దినములలో మేము నేర్చినది మీకు నుపయోగపడునని, మా తప్పు దాచక యిచట వ్రాయుచున్నాము.

మేము విజయనగరమునకు కొంత దూరమున, చంపావతి యొడ్డునగల పల్లెలో కాపురముందుము. పెరటిగోడ కావల జీడిమామిడి తోట, తోట మొదట నొక పెద్ద చెదపుట్ట కలవు. ఏటేట కార్తికమున నాగులచవితినాడు మా యింటి యాడువారమందరము ఆ పుట్టలోనే పాలు పోసి, చలిమిడియు చిమ్మిలియు నివేదింతుము. అందు నాగేంద్రుడున్నాడని మా నమ్మకము.

వైశాఖమున నొకనాడు పదేండ్ల మా మనుమడు గుడ్డసంచి పట్టుకొని పరుగున వచ్చి, "నాయనమ్మా, పుట్టలోంచి పాము రాలేదు, ఇవి వచ్చాయి!" అని రెండు ప్రాణులను జూపెను. ఒక్కొక్కటి జానెడున్నది. నల్లని మేనిపై పసుపువన్నె చుక్కలు, చీలిన నాలుక, కాటుక దిద్దినట్టి కన్నులు. మేము భయపడితిమి, వెంటనే ముచ్చటయు పడితిమి.

ఉడుము పిల్లకు విషమెక్కువని పొరుగమ్మ హెచ్చరించినది. ఈ మాట దేశమున పలుచోట్ల నున్నదే కాని, మనుష్యుని ప్రాణము దీయు విషము ఉడుమునకు లేదు. పట్టినచో కరచును, గోళ్లతో గీరును, తోకతో కొట్టును, అంతే. తోటపని చేయు ముసలివాడు మాత్రము వేరొక మాట చెప్పెను: "అది కుక్కపిల్ల కాదమ్మా, ఒగ్గెయ్యండి." అప్పుడే ఆ మాట వినియుండవలసినది. పిల్లవాని కన్నీరు చూడలేక, సెలవులు ముగియువరకు ఉంచుకొమ్మంటిమి.

పాత ట్రంకుపెట్టెలో ఇసుక పోసి, ఇత్తడి గిన్నెతో నీరుంచి, పైన వల గప్పితిమి. మొదటిదినమున పెరుగన్నము పెట్టితిమి! అవి వాసనయైన జూడలేదు. రెండవనాడు మనుమడు మిడుతలను పట్టి వేయగా పెద్దది చటుక్కున మ్రింగెను. చిన్నది మూలకు ముడుచుకొనియే యుండెను. అయినను పెంపకము తెలిసినదని మేము పొంగిపోతిమి.

మూడవనాటి యుదయమున విదేశముననున్న మా తమ్ముని కుమార్తెతో ఫోనులో మాటలాడుచుండగా, "అత్తయ్యా, ఇక్కడ కొందరు చిన్నజాతి ఉడుములను పెంచుతారు. వాటికి వేడి చాలా కావాలి" అని యామె యనెను. పొయ్యిమీద పప్పు పొంగుచున్నదని మిగిలిన మాట వినక ఫోను పెట్టివేసితిమి. వేడియే కదా కావలసినదని, ఆ రేకుపెట్టెను పెరటి యెండలో నుంచి వంటకు పోతిమి. అరగంటకు వచ్చి చూచునప్పటికి రేకు చేయి కాలునంత వేడెక్కియున్నది. పెద్దది ఇసుకలో తల దూర్చి రొప్పుచున్నది. చిన్నది చచ్చిపోయినది.

మనుమడు ఏడ్వలేదు. "నాయనమ్మా, నీడ ఎందుకు పెట్టలేదు?" అని మాత్రమడిగెను. దానికి మాయొద్ద జవాబు లేకపోయినది.

సాయంకాలము మేమే మరల ఫోను చేసి తక్కిన మాట వింటిమి. మన దేహము తన వేడిమిని తానే సరిచూచుకొనును. ఉడుమువంటి ప్రాణి యట్లుగాక, ఎండకు పోయి వేడియు, నీడకు పోయి చల్లదనమును తెచ్చుకొనును. ఎండయొక్కటే యిచ్చి నీడ నీయనిచో అది చంపుటయే. అచటివారు పెంచునది ఎక్కువగా ఆకీ యను ఆస్ట్రేలియా జాతి. రెండడుగులకు మించి పెద్దగా పెరుగదు. అంత చిన్నదానికిని నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుగల పెట్టె యైన కావలెను. ఒక కొసను దీపము క్రింద రాయి 50 డిగ్రీలు దాటి కాగవలెను. రెండవ కొస 30 డిగ్రీలలోపు చల్లగా నుండవలెను. బొరియ త్రవ్వుకొనుటకు లోతైన తడిమన్ను, సూర్యకిరణములకు బదులు ప్రత్యేక దీపము, కాల్షియము పొడి యద్దిన కీచురాళ్లు కావలెను. ఇట్లు పదిహేనేండ్లు సాకవలసి రావచ్చును. ఆస్ట్రేలియా తన యడవిప్రాణులను అమ్మకమునకు బయటికి పోనీయదు. ఇతర దేశములలో పెంచునవి పెంపకములో పుట్టిన సంతతి. మన దేశమున నట్టి పరదేశపు ప్రాణిని పెంచువారు 2024 నియమముల ప్రకారము ప్రభుత్వమువద్ద నమోదు చేయవలెను.

మన పుట్టలోని ఉడుము సంగతి వేరు. అది నాలుగైదడుగులు పెరుగును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున నది మొదటి షెడ్యూలులో, పులితో సమానముగా నున్నది. దానిని పట్టుట, చంపుట, ఇంట నుంచుకొనుట నేరములు. మూడేండ్లకు తక్కువగాని చెరయు, 2022 సవరణ ననుసరించి యిరువదియైదువేలకు తక్కువగాని జుల్మానాయు గలవు. తెలియక చేసినను తప్పు తప్పే. మరునాడే అటవీశాఖవారికి కబురంపితిమి. వారు వచ్చి, మా మాటయంతయు విని, బ్రతికినదానిని పరీక్షించి తీసికొనిపోయి తగిన తావున విడిచిరి. మనుమడు వెంటవెళ్లి కన్నులార చూచి వచ్చెను.

అటుపిమ్మట తెలిసికొనగా, ఈ ప్రాణికి మనవలన గలిగిన కీడు మా పెట్టెతో మొదలు కాలేదని తోచినది. మన విజయనగరము 1919లో సంగీత కళాశాల వెలసిన యూరు గదా; కచేరీలలో మనము విన్న కంజీరకు పూర్వము ఉడుము తోలే మూత. నేడు మేకతోలు వచ్చినది, మేలు. మరొకటి చెప్పుటకు సంకోచమైనను చెప్పవలెను. "హత్థాజోడి" యను పేర, అరుదైన వేరనియు, ఇంట నుంచిన సిరి కలుగుననియు అమ్మునది వేరు గాదు; మగ ఉడుము జననాంగమును ఎండబెట్టినది. పూజాద్రవ్యమని కొని పెట్టెలో దాచిన యక్కచెల్లెండ్రుందురేమో, తెలిసికొందురుగాక.

ఉడుము మన కోడిగ్రుడ్లు దొంగిలించుట నిజమే. కాని పురుగులను, ఎలుకలను, తేళ్లను, నత్తలను తినునదియు నదియే. కోళ్లగూటి తలుపు సాయంకాలము గట్టిగా మూసినచో దానితో మనకు పేచీ లేదు. ఇంటిలో దూరినచో పిల్లలను దూరముంచి, బయటి ద్వారము తెరచి యుంచిన తానే పోవును. పోనిచో అటవీశాఖవారిని పిలువవలెను. పంజరములో రామచిలుకను, తొట్టిలో నక్షత్రపు తాబేలును పెంచుటకును ఈ చట్టమే అడ్డమని మరువకుడు.

పిల్లలకు ప్రాణులపై మక్కువ యుండుట మంచిదే. ఆ మక్కువను పెట్టెలో మూయక తోటలోనికి త్రిప్పుట తల్లులకును నాయనమ్మలకును తగిన పని. ఇప్పుడు మా మనుమడు సెలవులకు వచ్చినప్పుడెల్ల పెరటిగోడపై గూర్చుండి పుట్టను జూచును. కనిపించినదానిని నోటుబుక్కులో వ్రాసికొనును. చచ్చిన పిల్లను వాడు పాతిన చోటున నొక రాయి పెట్టినాడు. మొన్నటి నాగులచవితికి పాలు పోసి వచ్చుచు మేమును ఆ రాయికడ కొంతసేపు నిలిచితిమి.