నేను వేయించిన టైల్స్‌ని నేనే పగలగొట్టాను

ఈ ఏడాది ఫిబ్రవరిలో ఒకే వారంలో మా ఇంట్లో రెండు సంగతులు జరిగాయి. సోమవారం నా ఉద్యోగం పోయింది. శుక్రవారం నాన్న బాత్రూంలో జారి పడ్డాడు.

ఉద్యోగం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పదిహేను నిమిషాల వీడియో కాల్, ఆ వెంటనే ల్యాప్‌టాప్ లాక్. రెండేళ్లుగా హిందూపురంలో మా మేడ మీద గదిలోంచే పని చేస్తున్నా. కిందికి దిగి అమ్మకి చెప్పాలంటే పన్నెండు మెట్లు. అవి దిగడానికి నాకు మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు నాన్న పడ్డాడు.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి బంతి భాగం మార్చారు. డిశ్చార్జ్ రోజు డాక్టర్ స్పష్టంగా చెప్పారు: గొంతుక్కూర్చోవడం వద్దు, ఎత్తు తక్కువ కుర్చీ వద్దు, కాలు మీద కాలు వేసుకోవద్దు. మా ఇంట్లో ఉన్నది ఇండియన్ టాయిలెట్ ఒక్కటే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నాన్న జారిన టైల్స్ నేను వేయించినవే. 2019లో ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగంలో చేరాక, మొదటి జీతాల్లోంచి దాచి చేయించిన పని అది. అంతకుముందు మా బచ్చలింట్లో గరుకు కడప బండలు ఉండేవి. నీళ్లు పడినా కాలికి పట్టు దొరికేది. వాటి మీదే తళతళలాడే తెల్ల టైల్స్ పరిపించి, ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నా. ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ ఇంట్లో ఎవ్వరూ ఆ మాట ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే బాగుండేది అనిపించింది.

మేస్త్రీని పిలిస్తే అంతా కలిపి లక్షా ముప్పై ఐదు వేలు అన్నాడు. నా దగ్గర ఉన్నది రెండు నెలల జీతం. అందుకే నేనే చేస్తానని చెప్పా. డబ్బు సగం కారణం. మిగతా సగం ఏంటో మీకు అర్థమయ్యే ఉంటుంది.

గడువు కూడా ఉంది. అక్కావాళ్లు పెనుకొండలో ఉంటారు, బావ అక్కడి కియా ఫ్యాక్టరీలో పని చేస్తాడు. మే నెలలో అక్క సీమంతం. అది అయ్యాక కాన్పుకి పుట్టింటికే వస్తుంది. అప్పటిదాకా నాన్నకి మంచం పక్కనే ఇనుప కమోడ్ కుర్చీ వేశాం. వారం తర్వాత నేను గమనించింది ఏంటంటే, సాయంత్రం ఆరు దాటితే నాన్న నీళ్లు తాగడం మానేశాడు. రాత్రి అమ్మని లేపాల్సి వస్తుందని.

ఆ ఆదివారం బావ బండి మీద హ్యామర్ డ్రిల్ వేసుకుని వచ్చాడు. ఇద్దరం టైల్స్ పగలగొట్టాం. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉన్న గది. పదిహేడు బస్తాల చెత్త వచ్చింది. నాన్న మంచం మీది నుంచి ప్రతి దెబ్బా వింటున్నాడు.

యూట్యూబ్‌లో అంతా ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. నా మొదటి తప్పు కమోడ్ దగ్గర. చూడ్డానికి బాగుందని కొనేశా. గోడ నుంచి నేలలోని పైపు మధ్యకి ఎంత దూరం ఉందో కొలవాలని తెలీదు. మాది తొమ్మిది అంగుళాలు, కొన్నది పన్నెండు అంగుళాలకి సరిపోయేది. ఆటో కిరాయి రెండుసార్లు కట్టి మార్చుకొచ్చా.

వాటర్‌ప్రూఫింగ్ మాత్రం బుద్ధిగా చేశా. ఒక కోటింగ్ నిలువుగా, ఆరాక ఇంకోటి అడ్డంగా, గోడల మీద అడుగు ఎత్తు వరకూ. తర్వాత జాలీకి గుడ్డ కుక్కి, నేలంతా నీళ్లు నింపి ఒక రోజంతా వదిలేశా. మర్నాడు గోడకి అవతలి వైపు చెమ్మ లేదు. ప్రొడక్షన్‌లోకి కోడ్ వెళ్లినప్పుడు కూడా అంత సంతోషపడలేదు.

అసలు తప్పు ఆ తర్వాత. ఈసారి అడుగు బై అడుగు గరుకు టైల్స్ తెచ్చా. రసమట్టం పెట్టి, బుడగ సరిగ్గా మధ్యలోకి వచ్చేలా ఒక్కొక్కటీ పరిచా. రెండు రోజుల పని. బకెట్ నీళ్లు పోశా. నీళ్లు మధ్యలో చెరువులా నిలబడ్డాయి. నేను గదిని చక్కగా మట్టంగా వేశా. బాత్రూం నేల మట్టంగా ఉండకూడదు! ఏడడుగులకి అంగుళం వరకూ జాలీ వైపు వాలు ఉండాలి.

వైపర్‌తో తోసేస్తే సరిపోతుందిలే అనుకున్నా. నిజంగానే అలా వదిలేసేవాణ్ని. ఆ సాయంత్రం నాన్నని చూడ్డానికి ధర్మవరం నుంచి మామ వచ్చాడు. నలభై ఏళ్లుగా మగ్గం మీద పట్టుచీరలు నేస్తున్న మనిషి. బాత్రూం గడప దగ్గర నిలబడి నీళ్లనే చూశాడు.

"పోగు తప్పితే ఏం చేస్తాం మామా, మీరైతే?" అని అడిగా.

"ఏం చేస్తాం, తప్పిన కాడికి వెనక్కి పోవల్ల. కట్టుకునే ఆమెకి కనపడదులే అని వదిలేస్తే, చీర మడిచేటప్పుడు నా చేతికి తగుల్తాది. ఈడ బావ కాలే పెట్టల్ల కదరా."

ఆ రాత్రే పద్నాలుగు టైల్స్ పీకేశా. అంటు పూర్తిగా గట్టిపడక ముందే తీయడంతో తొమ్మిది దక్కాయి. ఈసారి గోడకి గోడకి దారం కట్టి, వాలు గీసుకుని పరిచా.

కరెంటు పని మాత్రం నేను ముట్టుకోలేదు. గీజర్ లైను, ఎర్తింగ్, షాక్ కొడితే కట్ అయిపోయే ఆర్‌సీసీబీ, అన్నీ ఎలక్ట్రీషియన్ చేత చేయించా. తెలీని పని నేర్చుకోవచ్చు గానీ, ప్రాణం మీదకొచ్చేదాన్ని నాన్న మీద ప్రయోగం చేయలేను కదా. పట్టుకునే కడ్డీల్ని ఇటుక గోడలోకి యాంకర్ బోల్టులతో దింపి, ముందు నేనే వేలాడి చూశా. నా బరువు 74 కిలోలు.

తలుపు దగ్గరే గొడవ వచ్చింది. పాత తలుపు లోపలికి తెరుచుకునేది. ఆ రోజు నాన్న దాని వెనకే పడ్డాడు కాబట్టి, తెరవడానికి మాకు ఇరవై నిమిషాలు పట్టింది. అందుకే బయటికి తెరుచుకునేలా మార్చి, గొళ్లెం తీసేశా. నాన్న ఒప్పుకోలేదు.

"గొళ్లెం లేకపోతే నేను లోపలికే పోను."

"మళ్లీ పడితే?"

"పడితే పడతా. తలుపేసుకునే మర్యాద కూడా లేకుంటే ఎట్లప్పా?"

చివరికి బయటి నుంచి నాణెంతో తిప్పి తెరిచే లాక్ దొరికింది. ఇద్దరం ఒప్పుకున్నాం.

అది బిగిస్తున్నప్పుడు వాకర్ పట్టుకుని వచ్చి పక్కన కుర్చీలో కూర్చున్నాడు. నేను తల ఎత్తకుండానే అడిగేశా, "ఆ టైల్స్ నేను వేయించకపోయుంటే..." అని.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అవి వేయించినప్పుడు ఈధంతా పిల్చి చూపించింది నేనే కదరా," అన్నాడు.

ఏప్రిల్ ఆఖర్లో నాన్న ఒక్కడే లోపలికి వెళ్లి, గొళ్లెం వేసుకుని స్నానం చేశాడు. పన్నెండు నిమిషాలు. నేను జేబులో రూపాయి బిళ్ల పట్టుకుని బయట నిలబడ్డా. తీయాల్సిన పని పడలేదు. ఆ రాత్రి అన్నం తిన్నాక గ్లాసు నిండా నీళ్లు తాగాడు.

పని ఇంకా ఉంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ రాలేదు, అద్దం బిగించలేదు, కిటికీ దగ్గర ఒక టైల్ కొంచెం వంకరగానే ఉంది. ఇప్పటికి ఖర్చు డెబ్బై వేల లోపే. నాకు బెంగళూరులో కొత్త ఉద్యోగం వచ్చింది, వారానికి ఐదు రోజులూ ఆఫీసుకి రావాలట. సోమవారం రైలెక్కుతున్నా. శనివారాలు వచ్చి మిగిలింది పూర్తి చేయాలి, అక్క వచ్చేలోపు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ ఆదివారం ఒక పని చేయండి. బాత్రూంలో రెండు చెంబుల నీళ్లు పోసి, చెప్పుల్లేకుండా నడిచి చూడండి. తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా చూడండి. ఐదు నిమిషాల పని. నేను ఆరేళ్లలో ఒక్కసారి కూడా చేయలేదు.