పద్దులో రెండో పక్క

మా గేరిలో ఎవరికీ రాయను రాకపోయినా అందరి పేర్లూ రాసిన పుస్తకం ఒకటి ఉండేది. అది ఊర్లో ఆసామి ఇంటి గూట్లో ఉండేది. అందులో మా నాయనకు ఒక పుట. నాయన ఆ పుటను ఏటా చూసినాడు గానీ ఒక్కసారీ చదవలేదు. ఉగాదికి లెక్క చూసేవాళ్లు. పెండ్లికి తెచ్చింది, జేజి చావుకు తెచ్చింది, కరువేట తిండికి తెచ్చిన జొన్నలు, వాటి మీద వడ్డీ, అన్నీ గడగడా చదివి "ఇంగా ఇంత ఉండాది రా" అని వేలిముద్ర వేయించుకునేవాళ్లు. నాయన మళ్లా ఏడాది జీతానికి ఉండేవాడు.

గుంతకల్లు చుట్టుపక్కల సేద్యం సంగతి అందరికీ తెలిసిందే. ఏడాది పొడుగునా కలిపితే 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన. అదీ అదనుకు రాదు. సెనిక్కాయ పోతే ఆసామికి నష్టం, మాకు అప్పు.

ఇంటర్‌లో నేను సి.ఇ.సి. తీసుకున్నాను. సైన్సుకు ట్యూషన్లు కావాలన్నారు, మాకు ఆ శక్తి లేదు. తెలుగు పుస్తకంలో చిట్టా, ఆవర్జా, అంకణా అని ఉండేవి. గుంతకల్లులో బి.కాం.లో చేరినాక అవే జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ అయినాయి. రెండూ మా ఇంటి మాటలు కావు. బాకీ, వసూలు, జమ మాత్రం మాకు తెలుసు. ఆ మాటలు అరబ్బీ, పారసీల నుంచి కచేరీల మీదుగా తెలుగులోకి వచ్చినాయంటారు. మా గేరికి మాత్రం అవి ఆసామి నోటి నుంచి వచ్చినాయి.

క్లాసులో మొదట బట్టీ పట్టింది ఒక సూత్రం: పుచ్చుకున్నవాని ఖాతాకు డెబిట్, ఇచ్చినవాని ఖాతాకు క్రెడిట్. డెబిట్‌కు లాటిన్ మూలం 'బాకీ ఉన్నది' అనీ, క్రెడిట్‌కు 'నమ్మినది' అనీ లెక్చరర్ చెప్పినాడు. వచ్చిన నగదుకు డెబిట్ రాయాలన్నాడు. నాకు తిక్క లేచింది. నా స్కాలర్‌షిప్ డబ్బు పడితే బ్యాంకు పాసుబుక్కులో క్రెడిట్ అని ఉండాది కదా! లేచి అడిగినాను. ఆయన నవ్వకుండా చెప్పినాడు: "పాసుబుక్కు నీ దగ్గరున్నా ఆ లెక్క బ్యాంకుది. నువ్వు బ్యాంకుకు ఇచ్చినవానివి. పుస్తకం ఎవరిదో ముందు చూడు."

నాలుగు నెలల పాఠాల్లో నాకు మిగిలింది ఆ ఒక్క మాట. పుస్తకం ఎవరిది?

ఇంకో మాట అవుట్‌స్టాండింగ్. బడిలో అవుట్‌స్టాండింగ్ స్టూడెంట్ అంటే అందరికన్నా మంచి మార్కులు వచ్చేవాడు. లెక్కల్లో అవుట్‌స్టాండింగ్ అంటే ఇంకా చెల్లించనిది. అవుట్‌స్టాండింగ్ వేజెస్ అంటే పని చేయించుకుని ఇయ్యని కూలి. బ్యాలెన్స్ షీటులో దాన్ని అప్పుల పక్క రాస్తారు. అంటే కూలి బకాయి పడిన యజమాని అప్పులోడు, కూలోడు అప్పిచ్చినవాడు. జంట పద్దును వెనిస్ వర్తకులు చానా ముందే వాడతాండ్రి, లూకా పాచోలి 1494లో దాన్ని అచ్చు పుస్తకంలో పెట్టినాడు. ఇచ్చింది ఒక పక్క, పుచ్చుకుంది ఇంకో పక్క. మా ఆసామి పుస్తకంలో ఉండేది ఒక పక్కే. నాయన పుచ్చుకుంది ఉంది. నాయన ఇచ్చిన పొద్దులు, రాత్రిళ్లు కావలి, ఇంటోళ్లందరి వెట్టి, అవి యాడా లేవు. బండికీ యంత్రానికీ తరుగుదల రాస్తారు. నాయన నడుముకు ఏ ఖాతా లేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి చెప్పినాను. "నాయనా, లెక్క ప్రకారం ఆయనే నీకు బాకీ." నాయన చానాసేపు పలకలేదు. "ఆ మాట ఊర్లో అనొద్దప్పా. నీ సదువు అయిపోనీ" అన్నాడు.

తర్వాత తెలిసింది, నేను పుట్టకముందే, 1976లోనే, వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చిందని. వెట్టికి కట్టేసిన అప్పు తీర్చే బాధ్యత రద్దయిందని అందులో ఉంది. లెక్కల భాషలో దాన్ని రైటాఫ్ అంటారు. పార్లమెంటు రైటాఫ్ చేసిన పద్దు ముప్పై ఏండ్లకు కూడా మా ఊరి పుస్తకంలోకి ఎక్కలేదు.

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలుపెట్టినారు. మా అమ్మ కరువుపనికి పోయేది. సామాజిక తనిఖీ వచ్చినప్పుడు మస్టరు చేతికిచ్చి చదవమన్నారు. మస్టరులో అమ్మకు పన్నెండు రోజులు, జాబుకార్డులో తొమ్మిది. సభలో నిలబడి మూడే అడిగినాను: ఎవరిచ్చినారు, ఎవరు పుచ్చుకున్నారు, ఆ సంతకం ఎవరిది? అమ్మకు సంతకం రాదు, మస్టరులో సంతకం ఉంది. వారానికి మూడు రోజుల కూలి చేతికొచ్చింది. అది పెద్ద డబ్బు కాదు. ఆపొద్దు నుంచి గేరి ఆడోళ్లు కార్డులు పట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్లు. గేరి గేరంతా కాగితాన్ని తిరగేసి అడగడం నేను అప్పుడే చూసింది.

టీచరు ఉద్యోగం వచ్చినాక నాయన పట్టుబట్టి ఆసామి బాకీ కట్టించినాడు. అది కట్టాల్సిన అప్పు కాదని నాకు తెలుసు. ఆ ఊర్లో బతకాల్సింది నాయన. కానీ రసీదు లేకుండా డబ్బు ఇయ్యనన్నాను. "మనకూ మనకూ రసీదేందిరా?" అన్నాడు ఆసామి. మధ్యాహ్నం దాకా అరుగు కింద నిలబడి రాయించుకున్నాను. మా వంశంలో ఒకరు మాకు రాసిచ్చిన మొదటి కాగితం అది.

మన హాస్టళ్లలో అంబేద్కర్ పటం ఉంటుంది, చేతిలో రాజ్యాంగం. ఆయన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో డాక్టరేట్ కోసం రాసి 1923లో అచ్చు వేయించిన పుస్తకం రూపాయి మీద, 'ది ప్రాబ్లం ఆఫ్ ది రూపీ'. మన సభల్లో దాని పేరు తక్కువ వినపడుతుంది. డప్పు కావాల, పాట కావాల. దాంతోపాటు లెడ్జరు చదవగలిగినవాడు ప్రతి గేరికీ ఒకడు కావాల.

ఇప్పుడు నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. తొమ్మిదో తరగతి పిల్లలతో వారానికోసారి ఇంటి లెక్క రెండు పక్కలా రాయిస్తాను. మొన్న ఒక పిల్ల అడిగింది: "సార్, మా అమ్మ ఇంట్లో చేసే పని యా పక్క రాయాల?" ఇచ్చిన పక్క అని చెప్పినాను. "మరి పుచ్చుకున్న పక్క ఎవరి పేరు రాయాల సార్?" అంది. క్లాసంతా నా దిక్కు చూసింది. మగపిల్లోళ్లతో సహా అందరినీ వాళ్ల వాళ్ల పేర్లు రాయమన్నాను. నా నోటుబుక్కులో నా పేరూ రాసినాను.