వజ్రకరూరు చేలలో

అనంతపురము జిల్లాలో, గుంతకల్లుకు దక్షిణముగా, వజ్రకరూరను గ్రామము గలదు. ఏటేట తొలకరి వానలు పడగానే ఈ ప్రాంతపు చేలలోను, కర్నూలు జిల్లాలోని తుగ్గలి, జొన్నగిరి చేలలోను జనులు తలలు వంచుకొని నేలను వెదకుచు తిరుగుదురు. వాన పైమట్టిని కడిగివేయగా రాళ్ళు బయటపడును. వానిలో నెప్పుడైన నొక వజ్రముండును. బడులు తెఱచుటకు ముందు మేమును పిల్లలను వెంటబెట్టుకొని యచ్చటికి పోయితిమి. పుస్తకములోని భూగర్భశాస్త్రము కాలిక్రింద నెట్లుండునో వారికి చూపవలెనని మా కోరిక. వజ్రముపై నాశ లేదందుమేని సోదరీమణులు నవ్వుదురు కావున ఆ మాట విడిచెదము.

విత్తిన చేలలోనికి రావలదని కొందఱు రైతులు బోర్డులు నాటియున్నారు. కావున దున్నకుండ విడిచిన యొక చేని యజమానుని యడిగి, ఆయన సరేయనిన పిదపనే దిగితిమి. ఒక గుడ్డసంచి, ఒక భూతద్దము, త్రాగునీరు, ఇవియే మా సామగ్రి. ప్రొద్దు వాలుగా నుండు ఉదయమే వెదకుటకు మంచిది. ఎండ నడినెత్తి కెక్కినచో ప్రతి రాయియు మెఱయును, పిల్లలు ప్రతిదానికిని కేకవేయుదురు.

అన్నిటికంటె విరివిగా దొరకునది పలుగురాయి. గాజుపై గీచి గీత పడగానే మా చిన్నవాడు గంతులు వేసెను. కాని పలుగును గాజును గీయును. వజ్రము పలుగునుగూడ గీయును. పలుగు వజ్రమును గీయజాలదు. పలుగు స్ఫటికము ఆఱు పలకల కడ్డీవలె పెరుగును. వజ్రము తఱచుగా ఎనిమిది ముఖములతో, రెండు గోపురములను అడుగులు కలిపి యంటించినట్లుండును. వంటయింటివారికి నచ్చు గుర్తు మఱియొకటి గలదు: వజ్రమునకు నీరు అంటదు, జిడ్డు అంటుకొనును. గనులలో జిడ్డు పూసిన పలకలమీద రాళ్ళను నీటితో పారించి వజ్రములను పట్టెడివారు.

ఇవి యిచ్చటి కెట్లు వచ్చినవని పెద్దమ్మాయి యడిగెను. భూమిలో నూటయేబది కిలోమీటర్లకు మించిన లోతున, మిక్కుటమగు ఒత్తిడిలో, కర్బనమే వజ్రముగా గట్టిపడును. సుమారు 110 కోట్ల సంవత్సరముల క్రిందట కింబర్లైటను శిల కరగి, ఇచ్చట గొట్టముల వంటి మార్గములలో పైకి పొంగి, వజ్రములను మోసికొని వచ్చెను. ఆ శిల వానకు ఎండకు చివికి మట్టియైపోగా, చివుకని వజ్రములు వాగులలోను చేలలోను చెదరినవి.

ప్రక్కచేలో నొక తల్లి యిద్దఱు పిల్లలతో వెదకుచుండెను. కూలి మానుకొని పొరుగు జిల్లానుండి వచ్చి, చెట్టుక్రింద వండుకొని తినుచున్నారట. ఆమె కొడుకు చేతిలోని రాయిని చూచి మా అమ్మాయి, “ఇది వజ్రము కాదు” అని పైకే యనెను. మాకు ప్రాణము చివుక్కుమన్నది. ఆమె మాత్రము నవ్వి, “ఆరు పలకలుంటే పలుగని మాకూ తెలుసులే పాపా. అది వాడు ఆడుకునేకి” అనెను.

పిమ్మట మా పిల్లలకు ఆమెయే గురువైనది. ఎండకు ఎదురుగా నడువవలెననియు, మొదట చీమల పుట్టలచుట్టునున్న సన్న రాళ్ళను చూడవలెననియు చెప్పినది. మా పుస్తకములో ఈ రెండును లేవు.

దొరకినచో ఎవరి కమ్ముదువని మేమడిగితిమి.

“కొనేవాళ్ళు ఊర్లోకే వస్తారక్కా. వాళ్ళు చెప్పిందే రేటు. పోయినేడు ఏమీ దొరకలే. ఈ యేడూ దొరక్కపోతే కూలికి బోవాల.”

వజ్రము తూకమెట్లో, దాని జాతి యెట్టిదో ఆమెకు చెప్పువారు లేరు. కొనువారికే అది తెలియును. ఈ సంగతి మాకు మిక్కిలి కష్టముగా తోచినది.

మధ్యాహ్నము మబ్బు పట్టి వాన మొదలుకాగా మేము గుడి మండపములోనికి పరుగెత్తితిమి. ఆమె పిల్లలు కదలలేదు. వాన వెలిసిన వెంటనే వెదకవలెనట, ఇతరులు రాకముందే.